సారెలో వెళ్ళిన మూడంతస్తుల కేకు

ఆ రోజుల్లో మా గజపతినగరంలో కేకంటే ఒకటే రూపం. పలచటి అట్టపెట్టె, దాని చుట్టూ దారం, లోపల గులాబీరంగు క్రీము. స్కూటరు వెనక కూర్చున్నవాళ్ళు దాన్ని ఒళ్ళో పెట్టుకుని తెచ్చేవారు. ఇంటికి చేరేసరికి క్రీములో సగం మూతకి అంటుకుని ఉండేది, ఆ మూత నాకడం పిల్లల హక్కు. ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. (ఆ రోజులంటే మరీ తాతల కాలమనుకునేరు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి, పెళ్ళిళ్ళకి డ్రోన్లు ఎగురుతున్నాయి. కేకు మాత్రం ఇంకా స్కూటరు మీదే వస్తోంది.) కేకు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చెక్కుచెదరకుండా వెళ్ళడం ఒక విద్య అనీ, దానికోసం ఒక మనిషి తిండీ నిద్రా మానుకుని ఆలోచించాల్సి ఉంటుందనీ మా ఊళ్ళో ఎవరికీ తోచలేదు. నాకు తోచింది. నా అవస్థలన్నీ అక్కడే మొదలయ్యాయి.

మాది నూనెల వ్యాపారం. బజారు వీధిలో కింద దుకాణం, పైన ఇల్లు. నాన్న నన్ను సివిల్ ఇంజనీరింగ్ చదివించాడు. చదువయ్యాక కొన్నాళ్ళు ఒక కాంట్రాక్టరు దగ్గర ఎండలో నిలబడి, సిమెంటు బస్తాలు ఎవరూ పట్టుకుపోకుండా కాపలా కాసి, ఇది నావల్ల కాదని ఇంటికొచ్చేశాను. వచ్చినవాణ్ణి ఊరుకోకుండా విశాఖపట్నం వెళ్ళి కేకుల పని నేర్చుకొచ్చాను. మేడ మీద గదిలో ఓవెను పెట్టాను. గుడ్డు గడప దాటని ఇల్లు కాబట్టి పెరుగుతోనూ పాలపొడితోనూ తంటాలు పడ్డాను. నా మొదటి కేకుని నాన్న వేలితో కొట్టి చూసి, "దీన్ని ఏ పునాదిలోనో ఏసుకోవచ్చురా, గట్టిగానే ఉన్నాది" అన్నాడు. మీసాలొచ్చిన మగపిల్లాడు క్రీముతో గులాబీలు పిండుతున్నాడన్న వార్త బజారంతా పాకింది. నూనె డబ్బా కోసం వచ్చినవాళ్ళు కూడా మెట్లెక్కి ఓసారి నన్ను చూసి వెళ్ళేవారు.

అలాంటి సమయంలో శ్రీకాకుళం నుంచి మా చెల్లి ఫోను చేసింది. తనకి అప్పటికి పెళ్ళయి రెండేళ్ళు, సీమంతం పెట్టుకున్నారు. "అన్నయ్యా, నాకు మూడంతస్తుల కేకు కావాలి, నువ్వే చెయ్యాలి, ఫోటో పంపుతున్నాను చూడు" అంది. చూశాను. కింద పెద్ద కేకు, దాని మీద నాలుగు పొట్టి స్తంభాలు, ఆ స్తంభాల మీద మరో రెండు కేకులు ఒకదాని మీద ఒకటి. స్తంభాల మధ్య ఖాళీలో తెల్లని పువ్వులు. నా ఒళ్ళు పులకరించింది. స్తంభాలు, భారం, పునాది! నాలుగేళ్ళు చదివిన చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చే అవకాశం వచ్చిందనుకున్నాను. ఆ ఊపులో నాన్న దగ్గరికి వెళ్ళి, విజయనగరంలో కేకుల దుకాణం పెట్టుకుంటానని ఎప్పటినుంచో నానుతున్న మాట మళ్ళీ ఎత్తాను.

నాన్న చాలాసేపు ఫోటో చూశాడు. "ఇది ఇక్కడినుంచి శ్రీకాకుళం ఎల్తాదా?" అన్నాడు. వెళ్తుందన్నాను. "అయితే ఇను. ఇది శ్రీకాకుళంలో బల్ల మీద నిలబడిందా, నువ్వు సెప్పినట్టే దుకాణం. పడిందా, నేను సెప్పినట్టు బ్యాంకు పరీక్షల కోచింగు. మళ్ళీ కేకన్న మాట ఈ ఇంట్లో ఇనపడకూడదు." నేను ఒప్పుకున్నాను. ఒప్పుకుని, ఆయన భయం పోగొడదామని కేకు ఎలా నిలబడుతుందో పాఠం చెప్పాను. ప్రతి అంతస్తు కిందా ఒక గట్టి అట్ట ఉంటుంది, ఆ అట్ట కింద కేకులోకి వేలెడు లావు చెక్కపుల్లలు దించుతాం, అన్నీ ఒకే ఎత్తుకి కోస్తాం, పై అంతస్తు బరువంతా పుల్లల మీద పడి తిన్నగా అడుగున ఉన్న ప్లైవుడ్డు పలకకి దిగిపోతుంది, మేడకి స్తంభాల్లాగే అన్నాను. నాన్న అంతా విని, "మరి కేకేటి సేస్తాది?" అన్నాడు. కేకు ఏమీ చెయ్యదు నాన్నా, ఊరికే ఉంటుంది అన్నాను. "అచ్చం నీలాగేనన్నమాట" అని లెక్కల్లో పడిపోయాడు.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ సీమంతానికి పుట్టింటి నుంచి వెళ్ళేది ఏదైనా సారె కిందే లెక్క. సారె అంటే మా ఇంట్లో మా అత్త. నాన్నకి అప్ప, అంటే అక్క. (మావైపు అక్కని అప్ప అంటారు, ఆ అప్ప మాటకి తమ్ముళ్ళెవరూ ఎదురు చెప్పరు.) అమ్మ ముందురోజే చెల్లి దగ్గరికి వెళ్ళిపోవడంతో పెత్తనమంతా అత్త చేతికొచ్చింది. లడ్లు, అరిసెలు, కాజాలు, జంతికలు, వీటన్నిటికీ మించి కడుపుతో ఉన్న పిల్లకి పుట్టింటివాళ్ళు పెట్టాల్సిన చలిమిడి. ఇత్తడి గిన్నెలో పాకం పట్టి, కొబ్బరిముక్కలు వేసి, నెయ్యి కారేలా ముద్ద చేసి పెట్టింది.

నా పథకం చాలా సులువైనది. మూడు అంతస్తులూ మూడు పెట్టెల్లో విడివిడిగా, చల్లగా తీసుకెళ్ళాలి. అక్కడికెళ్ళాక ఒకదాని మీద ఒకటి పేర్చి పువ్వులు పెట్టాలి. బుద్ధున్నవాడెవడైనా అలాగే చేస్తాడు. ఈ ముక్క చెప్పేసరికి అత్త చేస్తున్న పని ఆపేసింది.

"సారెని ముక్కలు సేసి పట్టికెల్తారేటిరా?"

"ముక్కలు కాదత్తా, అంతస్తులు. అక్కడ మళ్ళీ పెట్టేస్తాను."

"ఇడగొట్టి పట్టికెల్లి అక్కడ అతికిస్తావా? కడుపుతో ఉన్న పిల్ల ముందర? ఎవులైనా ఇంటే నవ్విపోతారు. అదీగాక మూతలు పెట్టేస్తే బజారోళ్ళు ఏటి సూస్తారు? మన పిల్లకి ఏటి పంపుతన్నామో పదిమందికీ తెలవొద్దా?"

నాన్న వైపు చూశాను. నాన్న లెక్కల్లోంచి తలెత్తలేదు. అప్ప మాట్లాడుతున్నప్పుడు ఆయన లెక్కలు ఎప్పుడూ చాలా కష్టంగా ఉండేవి.

సరే, ఇక్కడే పేర్చుకుని వెళ్దాం, దానికీ ఒక ఉపాయం ఉందిలే అనుకున్నాను. పేర్చిన కేకు దారిలో జారకుండా నడిమధ్యనుంచి పొడుగాటి చెక్కకర్ర ఒకటి, ఒక చివర పెన్సిల్లా చెక్కి, మూడు అంతస్తుల్లోంచీ దించి అడుగు పలకలోకి సుత్తితో దిగ్గొడతారు. ఇక భూకంపం వచ్చినా పై అంతస్తు పక్కకి జరగదు. బయల్దేరే రోజు పొద్దున్నే స్నానం చేసి, పేర్చడం ముగించి, కర్ర నిలబెట్టి సుత్తి ఎత్తాను. వెనకనుంచి "ఓలమ్మా!" అని కేక. అత్త పసుపుచేత్తోనే వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"ఏటి సేస్తన్నావురా పాపిష్టోడా! కడుపుతో ఉన్న పిల్లకి పట్టికెల్లేదాన్లో మేకు దిగ్గొడతావేటి!"

"మేకు కాదత్తా, కర్ర. ఇది లేకపోతే దారిలో జారిపోతాది."

"జారిపోతే జారిపోనీ. మేకు దిగడానికి ఈల్లేదు. ఒరే తమ్ముడూ, సూడు నీ కొడుకు నిర్వాకం!"

తమ్ముడు వచ్చాడు, కర్రనీ సుత్తినీ చూశాడు, నన్ను చూశాడు. "అప్ప ఒద్దంటంది కదరా, తీసెయ్యి" అన్నాడు. పడితే కోచింగన్న మనిషే, పడకుండా ఆపేదాన్ని తీసెయ్యమంటున్నాడు. నాకు ఏడుపొచ్చింది. కర్ర తీసేశాను. దాని చిల్లు మీద ఒక గులాబీ పిండాను.

ఇక మిగిలింది నేను విశాఖపట్నం నుంచి తెప్పించుకున్న రబ్బరు మ్యాట్. మామూలు మ్యాట్ కాదు. సన్నటి చిల్లులతో, దాని మీద పెట్టిన వస్తువు ఎంత ఊగినా కదలకుండా పట్టుకుంటుంది. మా అత్త కొడుకు, అంటే మా బావ, కొత్తగా కారు కొన్నాడు. సారె దాన్లోనే వెళ్ళాలని పట్టుబట్టాడు కూడా. వెనక సీటులో సగం ముడిచి, డిక్కీతో కలిపి చదును చేసి, ఆ చదునులో మ్యాట్ పరిచి, నేను చొక్కా మార్చుకోవడానికి లోపలికి వెళ్ళాను. ఆ కాస్త సేపే వెళ్ళాను. ఈ కథలో నేను చేసిన తెలివితక్కువ పని ఏదైనా ఉంటే ఆ చొక్కా మార్చుకోవడమే.

తిరిగొచ్చేసరికి వాకిట్లో జాతర. సారె సామానంతా బల్లల మీద పెట్టి ఉంది, నడుమ నా కేకు. బజారంతా చుట్టూ మూగింది. "ఇది నిజం పువ్వేటి?" అని ఒకావిడ వేలు పెట్టి చూసింది, తన సందేహం తీరిందిగానీ నా పువ్వు పోయింది. "లోపల అంతా కేకేనా, లేక అట్టలు పెట్టి కేకులాగ సేసీసేవా?" అని పప్పుల కొట్టాయన నిలదీశాడు. నేను క్రీము గొట్టం పట్టుకుని ఈ వైపు అతుకు వేస్తుంటే ఆ వైపు ఇంకో వేలు. చివరికి నేనూ బావా పలక చెరోవైపు పట్టుకుని కారులోకి చేర్చాం. తీరా చూస్తే మ్యాట్ కనపడదు. దాని మీద కొత్త పట్టుగుడ్డ పరిచి ఉంది.

"ఆ కాళ్ళు తుడుసుకునే పట్ట మీద సారె పెడతారేటిరా?" అంది అత్త. "అందుకే పట్టుగుడ్డ ఏసీసేను. ఎంత లచ్చణంగా ఉన్నాదో సూడు."

పట్టుగుడ్డ మీద ప్లైవుడ్డు పలక. ఇంతకంటే నున్నగా జారే ఏర్పాటు కావాలని వెతికినా దొరకదు. పలక తీసి గుడ్డ లాగేద్దామనుకునేలోపే అత్త కొబ్బరికాయ కొట్టేసింది. కొబ్బరికాయ కొట్టాక బండి ఆగకూడదట. నేను డిక్కీలో డబ్బాలు సర్దుతుంటే అత్త కేకు దగ్గర కాసేపు ఏదో సర్ది, దాని మీద ఇంకో పలచటి గుడ్డ కప్పేసింది. ముందు సీటులో అత్త, ఆమె వెనక మిగిలిన సగం సీటులో నాన్న, ఆయన పక్కనే చదునులో కేకు, వెనక డిక్కీ మూల లడ్ల డబ్బాల నడుమ మోకాళ్ళు గెడ్డానికి ఆనించుకుని నేను. అలా బయల్దేరాం.

ఎండలు ముదురుతున్న రోజులు. క్రీముకి చల్లదనం కావాలి బావా, ఏసీ గట్టిగా వెయ్యి అన్నాను. "ఏసీ ఏస్తే బండి పెట్రోలు తాగేస్తాదిరా ఇంజనీరూ. కిటికీలు దించుకుంటే గాలి రాదేటి?" అన్నాడు బావ. గాలి వచ్చింది. గాలితోపాటు దుమ్మూ, వడగాడ్పూ, ఒక లారీ పొగా వచ్చాయి. నేను వెనకనుంచి అరిచి, బతిమాలి, బంధుత్వం గుర్తుచేసి, చివరికి పెట్రోలు నేనే పోయిస్తానని ఒట్టు వేశాక గానీ ఏసీ రాలేదు. ఆ ఏసీ ముందు కూర్చున్న అత్తకి చలి పుట్టించింది. నాదాకా ఉఫ్ అని ఊదినంత కూడా రాలేదు.

విజయనగరం దాటుతుంటే, పువ్వులు ఎలా ఉన్నాయో చూద్దామని కేకు మీద గుడ్డ కాస్త ఎత్తాను. ఎత్తి, నా కళ్ళని నేనే నమ్మలేకపోయాను. స్తంభాల మధ్య నేను పెట్టిన తెల్లపువ్వుల్లేవు. ఆ ఖాళీ నిండా, అంచులదాకా, గోధుమరంగులో నిగనిగలాడుతూ ఏదో ముద్ద. దాన్నుంచి నెయ్యి మెల్లగా నా తెల్లటి క్రీము మీదకి దిగుతోంది.

"అత్తా! ఇదేటి?"

"సలిమిడి."

"సలిమిడని తెలస్తానే ఉన్నాది. ఇక్కడికి ఎలా వచ్చింది?"

"నేనే పెట్టేను. సోటు కాళీగా ఉన్నాది కదా. కడుపుతో ఉన్న పిల్లకి పట్టికెల్లే సారెలో కాళీ ఉండకూడదురా. అదీగాక గిన్నె నా ఒళ్ళో పెట్టుకుంటే సీర పాడైపోతాది."

"నా పువ్వులేవీ?"

"బజారోళ్ళకి పంచీసేను. అందరూ బాగున్నాయన్నారు."

పెట్టెలు పోయాయి, కర్ర పోయింది, మ్యాట్ పోయింది, ఇప్పుడు పువ్వులు పోయి వాటి చోటికి చలిమిడి వచ్చింది. బావా బండి ఆపు, దీన్ని తవ్వి తీసేస్తాను అన్నాను. "తీసేవంటే నేను దిగిపోతాను" అంది అత్త. అత్త దిగిపోతే సారె లేదు, సారె లేకపోతే సీమంతం లేదు. నాన్నా, నువ్వైనా చెప్పు అన్నాను. నాన్న కళ్ళు మూసుకుని వెనక్కి వాలి ఉన్నాడు. పట్టుగుడ్డ కొస ఒకటి ఆయన ఒళ్ళోకి జారి ఉంది. కుడిచెయ్యి దాని కింద ఎక్కడో కేకు వైపు వేలాడుతోంది. అసలే ఇరుకు, దానికి తోడు ఆ చెయ్యి ఎక్కడ కేకుకి తగులుతుందోనని నాకు మంట. "నాన్నా, ఆ చెయ్యి తియ్యి, కేకుకి తగులుతాది" అన్నాను. కళ్ళు తెరవకుండానే, "ఉండనీరా, నాకు ఇలా బాగున్నాది" అన్నాడు. తన కొడుకు భవిష్యత్తు పక్కన ఊగుతుంటే హాయిగా కునుకు తీసే తండ్రిని నేనెక్కడా చూడలేదనుకుని పళ్ళు నూరుకున్నాను.

నెల్లిమర్ల దాటి రామతీర్థం దారి పట్టాం. ఆ దారిన పోయి రణస్థలం దగ్గర పెద్ద రోడ్డెక్కాలి. కాసేపటికి కొండ కనపడింది. అత్త రెండు చేతులూ జోడించి, "రామయ్య తండ్రీ! ఒరే, దండం పెట్టుకోండర్రా" అంది. బండి ఆపి పెట్టుకోవాలని ఎవరికైనా తోస్తుంది. మా బావకి తోచలేదు. నడుస్తున్న బండిలో స్టీరింగు వదిలేసి, రెండు చేతులూ ఎత్తి, కళ్ళు మూసుకుని మొక్కాడు. అంత భక్తి అతనిలో ఉందని అంతవరకూ నాకు తెలియదు. నాన్న కూడా మొక్కాడు, అయితే ఎడమచెయ్యి ఒక్కటే నుదుటికి తాకించి ఊరుకున్నాడు. దేవుడి విషయంలో అంత నిర్లక్ష్యం ఆయనకి లేదే, నిద్రమత్తు కాబోలు అనుకున్నాను. అంతకుమించి ఆలోచించే సమయం లేదు. ఎదురుగా స్పీడుబ్రేకరు ఉంది.

బండి ఎగిరింది. లడ్ల డబ్బా ఒకటి నా నెత్తిన పడింది. బావ కళ్ళు తెరిచి బ్రేకు తొక్కాడు. పై రెండు అంతస్తులూ స్తంభాలతో సహా గాల్లోకి లేచి, ముందుకి ఊగి, బావ వీపు వైపు వాలడం నేను స్పష్టంగా చూశాను. కోచింగు సెంటరులో మొదటి బెంచీ మీద కూర్చున్న నన్ను కూడా చూశాను. కళ్ళు మూసుకున్నాను.

చప్పుడేమీ రాలేదు. కళ్ళు తెరిచాను. ముందు వైపు స్తంభాలు రెండూ పక్కకి ఒరిగిపోయి ఉన్నాయి. అయినా కేకు పడలేదు. పై అంతస్తులు చలిమిడి ముద్ద మీదకి కొంచెం కుంగి, అక్కడే ఆగిపోయాయి. కొబ్బరిముక్కలతో, పాకంతో గట్టిపడిన మా అత్త చలిమిడి, నా స్తంభాలు చెయ్యాల్సిన పని చేస్తోంది. పలక కూడా, ఆ పట్టుగుడ్డ మీద, ఆ బ్రేకుకి, ముందుకి దూసుకుపోవాల్సింది, అంగుళం కూడా కదల్లేదు. అదెలాగో నాకు అంతుపట్టలేదు. రాముడి దయ అనుకున్నాను.

"సూసేవా?" అంది అత్త, వెనక్కి తిరిగి. "కాళీ ఉంచితే ఏటయ్యేది?"

శ్రీకాకుళం దాకా మోకాళ్ళ మీద కూర్చుని, కరిగిపోతున్న క్రీముతోనే పగుళ్ళు పూడుస్తూ, ఒరిగిన వైపు గులాబీలు పిండుతూ వచ్చాను. నాగావళి వంతెన దాటేసరికి కేకు పూర్తిగా నిటారుగా ఉందని చెప్పలేనుగానీ, నిలబడి ఉంది. వియ్యాలవారి వాకిట్లో నేనూ బావా దాన్ని దించి లోపలికి నడిచాం. నాన్న మాత్రం కారులోనే కూర్చుండిపోయాడు. "మీరు పదండి, కాస్త తిమ్మిరెక్కింది, వస్తాను" అన్నాడు.

కేకు బల్ల మీద నిలబడింది. కోసేదాకా నిలబడే ఉంది. మా చెల్లి దాన్ని చూసి చప్పట్లు కొట్టింది, అందరి ముందూ నన్ను పొగిడింది, నా గుండె ఉప్పొంగింది. అప్పుడు వియ్యపురాలు ముందుకొచ్చి స్తంభాల మధ్యకి చూసింది. "ఓలమ్మ! కేకులోనే సలిమిడి ఇమిడ్చీసేరు! ఇంత మంచి ఆలోచన ఎవరికొచ్చిందమ్మా?" అత్త చీరకొంగు సర్దుకుంది. ఇక నా కేకు గురించి ఎవరూ మాట్లాడలేదు. చెల్లి క్రీము అంటిన చలిమిడిని వేళ్ళతో తీసుకుని తిని, "అన్నయ్యా, అన్నిట్లోకీ ఇదే బాగుంది" అంది. వారం రోజులు కష్టపడి చేసిన మూడంతస్తుల్ని జనం పక్కకి నెట్టి ఆ ముద్ద కోసం ఎగబడ్డారు. ఆ చలిమిడికి నేను మోసుకొచ్చిన పీట నా కేకు.

భోజనాల దగ్గర నేను నాన్న పక్కనే కూర్చున్నాను. బల్ల మీద నిలబడింది కాబట్టి దుకాణం మాట ఎప్పుడు ఎత్తాలా అని చూస్తున్నాను. అంతలో నాన్న వడ్డించే అతన్ని పిలిచి స్పూను అడిగాడు. నాకు వింతగా అనిపించింది. నాన్న జన్మలో స్పూనుతో అన్నం తినలేదు, స్పూనుతో తినేవాళ్ళని చూసి నవ్వే మనిషి. ఆయన చేతివైపు చూశాను. కుడిచేతి నాలుగు వేళ్ళకీ అడ్డంగా ఎర్రటి గీత, రక్తం గడ్డకట్టినట్టు. వేళ్ళు ముడుచుకోవడం లేదు. చొక్కా చేతి మడతలో తెల్లటి క్రీము. ఆ ప్లైవుడ్డు పలక అంచులు నేను నున్నగా చేయించలేదు. రంపంతో కోయించి, పైన వెండిరంగు కాగితం చుట్టేశాను, అంతే. పట్టుగుడ్డ కింద ఆ అంచు పట్టుకుని ఆయన గజపతినగరం నుంచీ కూర్చున్నాడు. రాముడికి కూడా ఎడమచేత్తోనే మొక్కాడు.

"నాన్నా, కేకు నిలబడలేదు. నువ్వు పట్టుకున్నావు" అన్నాను.

నాన్న స్పూనుతో పప్పన్నం కలపడానికి అవస్థ పడుతూ, తలెత్తకుండానే అన్నాడు: "నిలబడాలన్నాను గానీ, ఎవులూ పట్టుకోకూడదన్నానేటి?"

నేను ఆయన విస్తరిలో అన్నం కలిపిపెట్టాను, ఆయన వద్దనలేదు.

ఇప్పుడు విజయనగరంలో నాకొక దుకాణం ఉంది. కేకులు ఎంత దూరమైనా విడివిడి పెట్టెల్లోనే వెళ్తాయి, ఎవరెంత మొత్తుకున్నా వినను. పేర్చి పంపక తప్పనివాటికి నడుమ కర్ర దిగాల్సిందే, కింద రబ్బరు మ్యాట్ ఉండాల్సిందే, వ్యానులో ఏసీ వెయ్యాల్సిందే. అత్త వచ్చినప్పుడల్లా అద్దాల బీరువా ముందు నిలబడి, కొనడానికొచ్చినవాళ్ళని ఆపి మరీ, "ఈడి మొదటి మూడంతస్తుల కేకుని నా సలిమిడే నిలబెట్టింది" అని చెబుతుంది. మొదట్లో స్తంభాల ఎత్తు గురించీ, బ్రేకు గురించీ వాదించేవాణ్ణి. ఇప్పుడు కుర్చీ తెచ్చి వేస్తాను.

ఒక్క విషయంలో మాత్రం నాకు పిచ్చి పట్టిందని మా వడ్రంగి అభిప్రాయం. కేకు కింద పెట్టే పలకల అంచులన్నీ గుండ్రంగా, చేత్తో రాస్తే జారిపోయేంత నున్నగా చిత్రిక పట్టమంటాను. కొంచెం గరుకున్నా వెనక్కి పంపేస్తాను. "కర్రున్నాది, రబ్బరున్నాది, పెట్టున్నాది. ఇంక దీన్ని ఎవులు పట్టుకుంటారు బాబూ?" అని అతను ప్రతిసారీ విసుక్కుంటాడు. ఎవరో ఒకరు పట్టుకుంటారులే, నువ్వు చెయ్యి అంటాను. అన్నప్పుడల్లా డిక్కీ మూల లడ్ల డబ్బాల మధ్య ముడుచుకుని, లోకమంతా తన కేకు మీద పగబట్టిందని పళ్ళు నూరుకుంటున్న ఆ కుర్రాడు గుర్తొస్తాడు. అంత ఇంజనీరింగు చదివాడు, పక్కనున్న పట్టుగుడ్డ కొస ఎత్తి చూడాలని తోచలేదు వెధవకి.